రసాయనశాస్త్రపు రికార్డు: దాని వ్రాత, దాని మార్కు

గ్రామములోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు గాని, సమీపమునగల జూనియరు కళాశాలకు గాని వార్షికోత్సవమునకు వెళ్ళిన పంచాయతీ సభ్యులు ప్రయోగశాల బల్లమీద వరుసగా పేర్చిన పుస్తకములను చూచియే యుందురు. వానికి దట్టమైన అట్ట యుండును. లోపల ఒక ప్రక్క గీతల పుట, మరియొక ప్రక్క గీతలు లేని తెల్ల పుట. తెల్ల పుటలో పెన్సిలుతో గీసిన గాజు పరికరముల బొమ్మలు, గీతల పుటలో నీలిసిరాతో ప్రయోగ వివరములు ఉండును. దీనినే పిల్లలు 'రికార్డు' అందురు. సభ్యులు ఒకటి రెండు పుటలు త్రిప్పి, అక్షరములు ముత్యములవలె ఉన్నవని మెచ్చుకొని, పుస్తకమును యథాస్థానమున ఉంచి, సభకు కదలిపోవుదురు.

ఆ మెప్పు తప్పు కాదు. కాని రికార్డులో చూడవలసినది దస్తూరి యొక్కటియే కాదు. రసాయనశాస్త్రమును చదువనివారు కూడ దానిని ఎట్లు పరీక్షింపవచ్చునో, ఉపాధ్యాయుడు దానికి మార్కులు ఎట్లు వేయునో, ఆ మార్కుల పద్ధతి పిల్లవానిని ఎటు నడిపించుచున్నదో సభ్యులకు తెలియుట అవసరమని మేము తలచుచున్నాము. ఇది పంతుళ్ళ పని, మనకేల యని అనుకొనరాదు. 1959 నాటి చట్టముతో జిల్లా పరిషత్తులు ఏర్పడినది మొదలు గ్రామీణ ఉన్నత పాఠశాలలు స్థానిక ప్రభుత్వముల పేరుతోనే నడచుచున్నవి. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. పాఠశాల గోడకు సున్నము వేయించుట మన పని యైనచో, ఆ గోడల నడుమ జరుగు పనిని గూర్చి అడుగుటయు మన పనియే.

ప్రయోగ నివేదిక యనగా ఏమి? ఒక పని చేసితిని, ఇట్లు చేసితిని, ఇది చూచితిని, చూచినదానివలన ఇది తేలినది అని చెప్పు సాక్ష్యపత్రము. ఒకప్పుడు కరణము అడంగలులో పంట పేరు వ్రాయుటకు ముందు చేనిగట్టు మీదికి వెళ్ళి చూడవలసియుండెడిది గదా! ఇంటివద్ద కూర్చుండి నిరుటి అడంగలును చూచి వ్రాసినచో అక్షరములు ఎంత అందముగా నున్నను అది దొంగలెక్కయే. రికార్డును గూర్చిన మాట అంతయు ఈ ఒక్క పోలికలో ఇమిడియున్నది.

సాధారణముగా నివేదికలో ప్రయోగోద్దేశము, పరికరములు, సూత్రము, పద్ధతి, పరిశీలనలు, గణన, ఫలితము అను భాగములుండును. వీనిలో మొదటి నాలుగును పాఠ్యపుస్తకమునుండి తీసి వ్రాసినను దోషము లేదు. అవి అందరికిని ఒక్కటియే. పరిశీలనలు మాత్రము ఎవరివి వారివే. లవణ విశ్లేషణలో పుటను మూడు నిలువు గడులుగా విభజించి 'పరీక్ష, పరిశీలన, అనుమితి' యని శీర్షికలు పెట్టుదురు. ఏమి కలిపితిని, ఏమి కనబడెను, దానివలన ఏమి ఊహించితిని అని వాని అర్థము. కంటితో చూచినదానిని, బుద్ధితో ఊహించినదానిని వేరువేరు గడులలో ఉంచుట యెంతటి పెద్ద విద్యయో న్యాయస్థానపు మెట్లు ఎక్కినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉదాహరణమునకు పై తరగతులలో తప్పక చేయించు ఒక ప్రయోగమును చూతము. దానిని అంశమాపనము అందురు. తెలిసిన బలముగల ద్రావణమును చుక్కచుక్కగా కలుపుచు, తెలియని ద్రావణపు బలమును కనుగొనుట దీని పని. సన్నని పొడవైన గాజుగొట్టము బ్యూరెట్టు. దాని అడుగున మర యుండును, ఒడలిపై మిల్లీలీటరులో పదవవంతు వరకు గీతలుండును. దానిలో పొటాషియం పర్మాంగనేటు ద్రావణమును పోయుదురు. ఒకప్పుడు కలరా దినములలో బావులలో వేసిన ఊదారంగు మందు ఇదియే. పిపెట్టుతో 20 మిల్లీలీటర్ల ఆక్జాలిక్ ఆమ్లమును కొలిచి, శంఖాకారపు గాజుకుప్పెలోనికి తీసి, సజల సల్ఫ్యూరికామ్లమును చేర్చి, సుమారు 60, 70 డిగ్రీల వరకు వేడిచేసి, పైనుండి పర్మాంగనేటును విడుతురు. ఊదారంగు చుక్క కుప్పెలో పడగానే రంగు విరిగిపోవుచుండును. ఆమ్లమంతయు ఖర్చైన పిదప పడిన చుక్క రంగు విరుగక, లేత గులాబిరంగు నిలిచిపోవును. అక్కడ మర కట్టి, బ్యూరెట్టుపై అంకెను చదివి, పట్టికలో వ్రాయవలెను.

ఈ ఊదారంగు ద్రావణములోని లోహము మాంగనీసు. మనదేశమున మాంగనీసు ఖనిజమును త్రవ్వుట మొట్టమొదట 1892లో విజయనగరము ప్రాంతమున ప్రారంభమైనది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతములలో ఆ నల్లరాతిని మోసిన కుటుంబములు నేటికిని ఉన్నవి. తన తాత గంపలో మోసిన లోహమే తన బ్యూరెట్టులో ఊదారంగై మెరయుచున్నదని ఆ పిల్లవానికి ఎవరైనను చెప్పిరో లేదో! చెప్పినచో ఆ ప్రయోగము వానికి మరి మరచిపోరానిదగును.

ఇప్పుడు రికార్డును పరీక్షించు ఉపాయము. నిజముగా ఈ ప్రయోగము చేసిన పిల్లవాడు మూడు విషయములను ఎరుగును. మొదటిది: వేడిగా నున్నను తొలి చుక్క రంగు వెంటనే విరుగదు, కొంత తడవు పట్టును. ప్రతిక్రియలో పుట్టిన మాంగనీసు లవణమే పిమ్మట ఆ పనిని వేగపరచును గనుక తరువాతి చుక్కలు తటాలున విరుగును. ఈ సంగతి తెలియనివాడు తొలి చుక్కకే పని ముగిసినదనుకొని మర కట్టును. రెండవది: నీటివంటి ద్రావణమునకు బ్యూరెట్టులో క్రింది అంచును చదువవలెను, పర్మాంగనేటు చిక్కని రంగుగలది గనుక క్రింది అంచు కనబడదు, పై అంచును చదువుదురు. మూడవది: సల్ఫ్యూరికామ్లమునకు బదులు హైడ్రోక్లోరికామ్లమును వాడరాదు; పర్మాంగనేటు ఆ ఆమ్లముతో కూడ ప్రతిక్రియ జరుపును గనుక లెక్క పెరిగిపోవును. సభ్యులు పిల్లవానిని దగ్గరకు పిలిచి "తొలి చుక్క ఏమైనది నాయనా?" అని అడిగి చూడుడు. చేసినవాని ముఖము వికసించును. చేయనివాడు రికార్డు వంక చూచును.

పట్టికలోని అంకెలు కూడ సాక్ష్యమిచ్చును. ఒక్కసారి చేసి విడువరు. రెండు వరుస కొలతలు ఒకదానితో ఒకటి కలియువరకు మరల మరల చేయుదురు. మొదటిసారి చేయి తడబడి 20.1 వచ్చును, పిమ్మట 19.6, మరల 19.6 వచ్చును. ఇది మానవుని చేతి లెక్క. పర్మాంగనేటు మోలారిటీ 0.02 అయినచో, 19.6 మిల్లీలీటర్లు ఖర్చైన ఆమ్లము బలము 0.049 మోలారిటీ యగును. అనగా లీటరుకు 6.174 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లము. మూడు కొలతలును సరిగా 20.0, 20.0, 20.0 అని యుండి, ఫలితము సరిగా 0.05 అని యున్నచో అనుమానింపవచ్చును. ఆ అంకె ఒక్కరి పుస్తకములో గాక తరగతిలోని పుస్తకములన్నిటను ఉన్నచో ఇక అనుమానముతో పనిలేదు.

మేము ఒక పాఠశాలలో ఇట్టి పుస్తకములను చూచితిమి. నలుబదికి పైగా ఉన్నవి. ప్రతి పుస్తకములోను 20 మిల్లీలీటర్ల పిపెట్టు బొమ్మ, 20 మిల్లీలీటర్ల కొలత. బీరువా తెరిపించి చూడగా అందులోని పిపెట్టులన్నియు 10 మిల్లీలీటర్లవే! పిల్లలు మోసగాండ్రని మేము చెప్పుట లేదు. వారు అడిగినదే ఇచ్చిరి. వారిని అడిగినది పరిశీలన కాదు, నింపిన పుస్తకము.

ఇచట మార్కుల ప్రసక్తి వచ్చుచున్నది. 1971లో ఏర్పడిన రాష్ట్ర ఇంటర్మీడియెట్ బోర్డు పద్ధతిలో చిరకాలము రసాయనశాస్త్రమునకు మొత్తము 150 మార్కులుండెడివి. రెండేండ్ల వ్రాతపరీక్షలకు 60 చొప్పున 120, రెండవ యేట ప్రయోగ పరీక్షకు 30. అనగా అయిదింట ఒక పాలు చేతిపనికి కేటాయింపబడినది. మన ప్రాంతమున శ్రీకాకుళము జిల్లా వెన్నెలవలసలోను, విజయనగరము జిల్లా కిల్తంపాలెములోను గల నవోదయ విద్యాలయములు కేంద్ర మాధ్యమిక విద్యామండలి పద్ధతిని అనుసరించును. ఆ పద్ధతిలో 12వ తరగతి రసాయన ప్రయోగ పరీక్షకు గల 30 మార్కులు ఇట్లు పంచబడినవి: అంశమాపనమునకు 8, లవణ విశ్లేషణకు 8, పాఠ్యవిషయముపై మరియొక ప్రయోగమునకు 6, ప్రాజెక్టునకు 4, తరగతి రికార్డునకును మౌఖిక ప్రశ్నలకును కలిపి 4.

సభ్యులు ఈ చివరి అంకెను గమనింపవలెను. తలిదండ్రులు ఏ పుస్తకమునకై పిల్లలను రాత్రులు మేలుకొలుపుచున్నారో, కొన్ని చోట్ల కూలి యిచ్చి బొమ్మలు గీయించుచున్నారో, ఆ పుస్తకమునకు మౌఖిక ప్రశ్నలతో కలిసి 30లో 4 మార్కులు మాత్రమే. అది కూడ ప్రశ్నలతో ముడివేయబడినది. పుస్తకము ముత్యములవలె నున్నను, "నీవు వ్రాసిన ఈ తెల్లని అవక్షేపము అమ్మోనియాలో కరగినదా?" అను ప్రశ్నకు సమాధానము లేనిచో ఆ నాలుగును దక్కవు. ఇది ఉచితమైన పద్ధతియని మా అభిప్రాయము. 16 మార్కులు నాడు పరీక్షశాలలో చేతితో చేసిన రెండు పనులకు పోవును.

ఆ రెండు పనులకు పరీక్షాధికారి మార్కులు వేయు తీరు కూడ తెలియవలెను. అంశమాపనములో ఫలితము అసలు విలువకు ఎంత దగ్గరగా వచ్చినదో చూతురు. దూరమైనకొలది మార్కులు తగ్గును. కాని ఫలితము తప్పినంత మాత్రమున అన్నియు పోవు. పట్టిక సరిగా వేసెనా, కొలతలు ఏకీభవించినవా, సూత్రమును సరిగా వాడెనా, ప్రమాణములను వ్రాసెనా అను వానికి వేరుగా మార్కులుండును. లవణ విశ్లేషణలోను అంతియే. లవణమును గుర్తించుటకు కొన్ని, అచటికి చేరిన మార్గమునకు కొన్ని. ఆ మార్గమున నడువనివాడు తుద ఫలితము పేరు వినికిడిగా తెలిసికొని వ్రాసినను, మధ్యలోని గడులు వానిని పట్టియిచ్చును.

ఇంతవరకు కాగితముమీద న్యాయముగనే యున్నది. మన తీర గ్రామములలో ఈ న్యాయము ఎచట చెడుచున్నదో ఇప్పుడు చెప్పెదము. మేము ఈ వ్యాసమును తలపెట్టుటకు ముఖ్యకారణము ఇదియే.

లవణ విశ్లేషణలో క్లోరైడును గుర్తించుటకు ఒక పరీక్ష కలదు. లవణ ద్రావణమునకు సజల నత్రికామ్లమును చేర్చి, సిల్వరు నైట్రేటు ద్రావణమును రెండు చుక్కలు వేసినచో, పెరుగు విరిగినట్లు తెల్లని అవక్షేపము ఏర్పడును. అది అమ్మోనియాలో కరగును. అప్పుడు 'క్లోరైడు ఉన్నది' అని వ్రాయుదురు. పరీక్ష నమ్మదగినదే. కాని ఆ ద్రావణమును చేయుటకు ఏ నీరు వాడిరి? స్వేదనజలము, అనగా ఆవిరిగా మార్చి చల్లార్చి పట్టిన నీరు, వాడవలెను. కళింగపట్నము, బారువ, భావనపాడు, కోనాడ వంటి సముద్రతీర ప్రాంతములలో బోరునీటిలో ఉప్పు కలిసియుండుట అరుదు కాదు. ఉప్పనగా సోడియం క్లోరైడే గదా! స్వేదనజలము అయిపోయిన నాడు కుళాయినీటితో ద్రావణము చేసినచో ఏ లవణమునకైనను తెల్లని అవక్షేపము వచ్చును. సల్ఫేటు ఇచ్చినను క్లోరైడు కనబడును, నైట్రేటు ఇచ్చినను క్లోరైడు కనబడును.

అప్పుడు ఏమగునో చూడుడు. ఒక బాలిక తాను చూచినది చూచినట్లు వ్రాసినది: 'తెల్లని అవక్షేపము, క్లోరైడు ఉన్నది.' ఉపాధ్యాయుడు ఇచ్చినది నైట్రేటు. ఎఱ్ఱసిరాతో కొట్టివేసినాడు. ప్రక్కనున్న బాలుడు పరీక్షనాళికను ముట్టనే లేదు. స్నేహితుని పుస్తకము చూచి 'అవక్షేపము లేదు. క్లోరైడు లేదు' అని వ్రాసినాడు. వానికి పూర్తి మార్కులు. ఆ బాలిక ఆ దినమున నేర్చిన రసాయనశాస్త్రము ఏమి? తన కంటిని నమ్మరాదని, ప్రక్కవాని కాగితమును నమ్మవలెనని. మరల ఎన్నడును ఆమె తాను చూచినది వ్రాయదు.

దీనికి మందు బహు సులభము. ఏ పరీక్షయైనను మొదట లవణము లేకుండ ఒట్టి నీటితో చేయవలెను. దీనిని శూన్యపరీక్ష అందురు. ఒట్టి నీటిలోనే తెల్లని అవక్షేపము వచ్చినచో ఆ నీరు పనికిరాదని తేలును. ఆ బాలిక 'ఒట్టి నీటిలోను అవక్షేపము వచ్చినది. కావున ఈ నీటితో క్లోరైడును నిర్ణయింపజాలము' అని వ్రాసినచో, మా దృష్టిలో అది తరగతిలోకెల్ల ఉత్తమమైన నివేదిక. 'నిర్ణయింపజాలము' అనునది కూడ ఒక ఫలితమే. దానికి మార్కు వేయుటకు పంతులుగారికి ధైర్యము కావలెను. ఆ ధైర్యమునకు వెనుక ఊరి పెద్దల మాట కూడ ఉండవలెను. నూటికి నూరు రాలేదేమని నిలదీయువారే సభలో ఎక్కువగా నున్నచో, పంతులుగారు కూడ ఏమి చేయగలరు?

ఈ 'నిర్ణయింపజాలము' అను మాట విలువ మన ఉద్దానమునకు తెలిసినంతగా మరెవరికి తెలియును? ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో మూత్రపిండవ్యాధి ఏండ్ల తరబడి కుటుంబములను పీడించుచున్నది. నీరా, నేలా, ఎండలో చాకిరియా, పురుగుమందులా, ఇవన్నియు కలిసియా అని శాస్త్రజ్ఞులు వెదకుచునే యున్నారు. ఇదియే కారణమని అందరును అంగీకరించిన నిర్ణయము ఇంకను వెలువడలేదు. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయపు నీటిని ఆ గ్రామములకు అందించు పథకమును, పలాసలో మూత్రపిండవ్యాధి పరిశోధన కేంద్రమును ప్రారంభించిరి. కారణము తేలనిచోట ఎవరో ఒకరు తొందరపడి ఒక అంకెను కల్పించి వ్రాసినచో, ఆ అంకె వెంట ఎందరో శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి తప్పుదారిన పోవుదురు. ఆ పరిశోధన కేంద్రమున రేపు నీటి నమూనాలను పరీక్షించుటకు చేరువారు నేడు ఈ పాఠశాలలలో బ్యూరెట్టు పట్టినవారే కావచ్చును.

అంత దూరము పోనక్కరలేదు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషను పద్ధతి ననుసరించి ఒక్కొక్క గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించుటలో శిక్షణ ఇయ్యవలెను. వారికిచ్చు పరీక్షపెట్టెలోని పనులు ప్రయోగశాలలోని పనులకు చెల్లెళ్ళవంటివి. చుక్కలు వేయుట, రంగు మారుట చూచుట, అంకెను వ్రాయుట. త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ 2012లో ప్రకటించిన ప్రమాణములలో క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు, కఠినత్వము 200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యములు. వేరొక నీరు దొరకనిచోట వరుసగా 1000, 600, 1.5 వరకు ఓర్చుకొనవచ్చునని చెప్పబడినది. పంచాయతీ నీటి రిజిస్టరులో నెలనెలకు 'బాగున్నది' అని వ్రాసియున్నచో అది రికార్డు కాదు. ఏ బోరు, ఏ తేది, ఎన్ని మిల్లీగ్రాములు, ఎవరు చూచిరి అనునవి ఉండవలెను. బావిలో బ్లీచింగుపొడి వేయించినపుడును ఇంతియే. మంచి పొడి యైనచో 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలును. మూత తెరచియుంచిన పాతపొడిలో క్లోరిను ఎగిరిపోయి యుండును గనుక ఆ లెక్క చెల్లదు. 'చల్లితిమి' అని వ్రాసిన రిజిస్టరు పుటకును, 20.0 మూడుసార్లు వ్రాసిన రికార్డు పుటకును భేదము లేదు. పిల్లలను తప్పుపట్టుటకు ముందు మన పుస్తకమును మనము ఒకసారి తెరచి చూచుకొనుట మేలు.

ఉద్యోగముల మాట కూడ చెప్పవలెను. రణస్థలము మండలములోని పైడిభీమవరము ప్రాంతమున ఔషధ పరిశ్రమలు వెలసిన పిదప రసాయనశాస్త్రము చదివిన మన యువకులకును యువతులకును ప్రయోగశాలలలో పని దొరకుచున్నది. మందుల పరిశ్రమలలో ప్రపంచమంతట చెల్లు నియమములు కలవు: పని చేయుచున్నపుడే వ్రాయవలెను, సిరాతో వ్రాయవలెను, తప్పు వ్రాసినచో తుడువక, కనబడునట్లు ఒక్క గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి, సంతకమును తేదిని వేయవలెను. ముందొక చిత్తుకాగితముమీద వ్రాసి, ఇంటికి వెళ్ళి అందముగా ఎక్కించుట అచట మహాపరాధము. మన పాఠశాలలలో నేర్పుచున్నది సరిగా ఆ మహాపరాధమునే! కొట్టివేతలు లేని పుస్తకమునకు ఎక్కువ మార్కులు, కొట్టివేతలున్న పుస్తకమునకు తక్కువ మార్కులు. పన్నెండేండ్లు ఒక అలవాటు నేర్పి, పదమూడవయేట దానికే ఉద్యోగమునుండి తీసివేయుట ఎంత వింత!

కాపీ వ్రాతకు మరియొక కారణము భాష. ప్రయోగములో రంగు మారుట పిల్లవాడు కన్నులార చూచును; దానిని చెప్పుటకు మాట దొరకదు. ఇంగ్లీషు మాధ్యమమున చదువు బిడ్డకు ఆ వాక్యము రాదు. తెలుగు మాధ్యమమున చదువు బిడ్డకు 'అవక్షేపము', 'అనుమితి' వంటి మాటలు కూడ పరభాషవంటివే. సీతంపేట కొండలలోని సవర బిడ్డకు ఆ రెండును పరభాషలే. శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవర భాషను నేర్చి, ఆ బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు పూనుకొనిరి. తెలుగు పిల్లలు వాడుక మాటలలో వ్రాయవలెనని జీవితమంతయు పోరాడిరి. వారి జిల్లాలోనే బిడ్డ 'పెరుగు విరిగినట్లు అయ్యింది' అని వ్రాసినచో మార్కు తగ్గించుట తగునా? రసాయనశాస్త్రమునకు కావలసినది ఆ పోలికయే. (ఇంత చెప్పుచున్న మీరు ఈ వ్యాసమును వాడుక భాషలో ఏల వ్రాయలేదని సభ్యులెవరైనను అడిగినచో, మా యొద్ద సమాధానము లేదు.)

పంచాయతీ చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదట ప్రధానోపాధ్యాయుని అనుమతితో ప్రయోగశాలను ఒకసారి చూడవలెను. పరీక్ష నెలలో గాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో వెళ్ళుట మంచిది. సంవత్సరాంతమున అన్ని ప్రయోగములును ఒక్కమారు చేయించు చోట రికార్డు నిజముగా నుండుట అసాధ్యము. నీటి తొట్టిలో నీరు వచ్చుచున్నదా, మురుగు పోవుచున్నదా, పొగ వెలుపలికి పోవు కిటికీ తెరచుకొనుచున్నదా, ఆమ్లపు సీసాలు పిల్లల తలకు ఎత్తున గాక క్రింది అరలో నున్నవా అని చూడవలెను. ఎందరు పిల్లలకు ఎన్ని బ్యూరెట్టులు కలవో లెక్కించుడు. పదిమందికి ఒకటియైనచో తొమ్మిదిమంది ప్రేక్షకులే. ప్రేక్షకుల రికార్డు కాపీ గాక మరేమి యగును?

రికార్డుతోపాటు 'కచ్చా పుస్తకము', అనగా పని చేయునపుడే వ్రాసిన నోటుపుస్తకము, ప్రతి పిల్లవానికిని ఉన్నదా అని అడుగవలెను. ఉన్నచో దానిలో ఆమ్లపు మరకలును కొట్టివేతలును ఉండును, ఉండవలెను. దానిమీద ఉపాధ్యాయుడు అదే దినమున పొట్టి సంతకము చేసినచో, పిమ్మట అందముగా ఎక్కించిన పుస్తకమునకు అది సాక్షి. ఈ కచ్చా పుస్తకమునకు తరగతి మదింపులో కొంత భాగము మార్కులు కేటాయింపుడని ప్రధానోపాధ్యాయుని కోరుట ఆజ్ఞాపించుట కాదు. మార్కులు వేయు అధికారము ఆయనదే. మార్కుల జోలికి పోయి, మా వాడికి ఇన్ని వేయుడని చెప్పుట మాత్రము ఏ సభ్యునికిని తగదు.

ఇక స్వేదనజలము. దాతలు గడియారములును బీరువాలును ఇచ్చుచుందురు. ఈసారి నీటిని స్వేదనముచేయు చిన్న పరికరమును గాని, ఏడాదికి సరిపడు స్వేదనజలపు డబ్బాలను గాని ఇప్పింపుడు. ఊరిలో శుద్ధజల కేంద్రమున్నచో ఆ నీటిలో ఉప్పు చాలవరకు తగ్గియుండునే గాని పూర్తిగా పోదు; కనుక సిల్వరు నైట్రేటుతో శూన్యపరీక్ష చేసిన పిదపనే దానిని వాడవచ్చునో లేదో ఉపాధ్యాయుడు నిర్ణయించును.

సభ్యులు ప్రయోగశాలకు వెళ్ళు నాడు తమ వీధి బోరునీటిని ఒక శుభ్రమైన సీసాలో తీసికొనిపోవుట మంచిది. సీసాను ఆ నీటితోనే మూడుసార్లు తొలిచి, నిండుగ పట్టి, మూత బిగించి, బోరు ఉన్న చోటును, పట్టిన తేదిని కాగితముమీద వ్రాసి అతికింపవలెను. ఆ నీటిలో రెండు చుక్కల సిల్వరు నైట్రేటు వేసి ఏమగునో వ్రాయుమని ఒక బాలికకు ఇయ్యవలెను. ఆమె వ్రాసినది ఏదైనను, కొట్టివేతలున్నను, పంచాయతీ నీటి రిజిస్టరులో ఆ తేదికి ఎదురుగా అట్లే ఎక్కించి, క్రింద ఆమె పేరును తరగతిని వ్రాయవలెను.